'దత్తత' పేరుతో పగ్ కుక్కల్ని అంటగడుతున్నారు, డబ్బు పంపేముందు చదవండి

రాజమండ్రి, రావులపాలెం, తణుకు, భీమవరం, అమలాపురం చుట్టుపక్కల పగ్ కుక్క కోసం చూస్తున్నవాళ్ళ కోసం ఈ పోస్టు. "ఓనర్లు విదేశాలకి వెళ్ళిపోతున్నారు, మంచి కుటుంబం దొరికితే ఉచితంగా ఇచ్చేస్తాం" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ప్రకటనల్లో కొన్ని దత్తతలు కావండి. కుక్కపిల్లల కోసం ఏళ్ళ తరబడి వాడుకుని, ఇక ఈనదు అనుకున్నాక ఆ ఆడకుక్కని వదిలించుకునే వ్యాపారం అది. మా ఇంటికి అలాంటి కుక్కే వచ్చింది. ఇచ్చినతని పేరు రాయడం లేదు. పేరు, నంబరు మార్చి మళ్ళీ ప్రకటన పెట్టడం అతనికి రెండు నిమిషాల పని. పద్ధతి తెలిస్తే ఎవరు పెట్టినా పట్టుకోవచ్చు.

ప్రకటనలో ఉన్నది ఇదీ: రెండేళ్ళ ఆడ పగ్, టీకాలన్నీ అయ్యాయి, పిల్లలతో బాగుంటుంది, ఉచితం. ఫోన్ చేస్తే మాట చాలా మర్యాదగా ఉంది. "మేం అమ్మట్లేదండి, రెస్క్యూ చేసి ఇస్తున్నామండి. మందులకి, తిండికి, కారుకి అయిన ఖర్చు ఇస్తే చాలండి, ఆయ్." ఆ ఖర్చు 8,000 అన్నాడు. సగం ముందు ఫోన్‌పేలో, సగం కుక్కని చేతికిచ్చాక. ఇంటికొచ్చి చూస్తామంటే "కొత్తవాళ్ళని చూస్తే కుక్కలు బెదురుతాయండి" అని, రావులపాలెం దగ్గర హైవే పక్కన కారు ఆపి ఇచ్చి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఎంతమంది, పగలు కుక్క దగ్గర ఎవరుంటారు, ఇంతకుముందు కుక్కని పెంచారా, ఏసీ ఉందా? ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కుక్కని నిజంగా కాపాడినవాడు ఇవి అడక్కుండా ఇవ్వడు. నాకు ఇప్పుడు అన్నిటికంటే పెద్ద గుర్తుగా కనిపించేది ఇదే.

పశువుల డాక్టరు గారు నోరు తెరిచి పళ్ళు చూశారు. అరిగిపోయి, గార పట్టి ఉన్నాయి. ఆరేడేళ్ళకి తక్కువ ఉండదన్నారు. పొట్ట మీద పాత సిజేరియన్ కుట్ల గీత, సాగి వేలాడుతున్న రొమ్ములు చూసి చాలాసార్లు ఈనిన కుక్క అని చెప్పారు. చెవుల్లో పిడుదులు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, పిడుదుల నుంచి వచ్చే ఎర్లీకియా జ్వరం అని తేలింది. మన ప్రాంతంలో కుక్కలకి ఇది మామూలుగా వచ్చే జబ్బే, డాక్సీసైక్లిన్ దాదాపు నెల రోజులు వాడితే చాలావరకు తగ్గుతుంది. కానీ చూడకుండా వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. కుడి కంటి మీద గోధుమరంగు పొర కమ్మింది, ఆ కంటికి చూపు సగమే. ముక్కు రంధ్రాలు రంధ్రాల్లా లేవు, గోటితో గీసిన గీతల్లా ఉన్నాయి.

టీకాల కార్డు సంగతి వేరే చెప్పాలి. అసలైన కార్డులో టీకా సీసా మీది స్టిక్కర్ ఊడదీసి అంటిస్తారు. దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన డాక్టరు సంతకం, ముద్ర. మాకు ఇచ్చిన కార్డులో స్టిక్కర్ ఒక్కటి లేదు. మూడేళ్ళ తేదీలూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే విడతలో రాసినట్టున్నాయి. రెండేళ్ళ కుక్కకి మూడేళ్ళ టీకాలు ఎలా వేశారో అతనే చెప్పాలి.

ఇప్పుడు పగ్ గురించి. 2003లో హచ్ ఫోన్ ప్రకటన వచ్చినప్పటి నుంచి మన ఊళ్ళలో దాన్ని 'హచ్ కుక్క' అనే పిలుస్తున్నారు. ఆ మోజుతో ఎంతోమంది పెరటి షెడ్లలో పిల్లల్ని పుట్టించి అమ్మడం మొదలుపెట్టారు. చూడ్డానికి ముద్దుగా ఉండే ఆ చప్పిడి ముఖమే దాని జబ్బుల మూట. పుర్రె ఎముక పొట్టిదైనా లోపలి కండ, చర్మం అంత తగ్గలేదు. అంగిలి చివర మెత్తటి భాగం పొడవెక్కువై గాలిగొట్టానికి అడ్డు పడుతుంది. మనం నవ్వుకుంటూ వీడియో తీసే ఆ గురక నిజానికి ఊపిరి ఆడక వచ్చే శబ్దం. 2022లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్ళు బ్రిటన్ ఆసుపత్రుల రికార్డులు పోల్చి చూసి, మిగతా కుక్కల కంటే పగ్‌లకి ఏదో ఒక జబ్బు వచ్చే అవకాశం సుమారు రెండింతలని తేల్చారు. అది చల్లటి దేశం సంగతి.

మన డెల్టాలో దాని పరిస్థితి ఇంకా కష్టం. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయట పెట్టి రొప్పుతూ, ఆ తడి ఆరడం ద్వారానే ఒంట్లో వేడి చాలావరకు పోగొట్టుకుంటుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం ఒక ఎత్తు, కాలవలు, చేలు, సముద్రపు గాలి కలిసి పుట్టించే ఉక్కపోత ఇంకో ఎత్తు. గాలిలో తేమ ఉంటే నాలుక తడి త్వరగా ఆరదు. దానికి తోడు ముక్కు ఇరుకు. ఎంత రొప్పితే గొంతు లోపల అంత వాస్తుంది, వాచినకొద్దీ గాలి ఇంకా తక్కువ లోపలికి పోతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా లేని ఇంట్లో పగ్ వడదెబ్బతో చనిపోవడం వింత కాదు. నాలుక నీలంగా మారినా, తూలుతూ నడిచినా మామూలు నీళ్ళతో ఒళ్ళు తడిపి, ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

కళ్ళు కూడా అంతే. కంటి గూడు లోతు తక్కువ కాబట్టి మెడ పట్టుకుని గట్టిగా లాగినా, పెద్ద కుక్క కరిచినా కనుగుడ్డు బయటికి వచ్చేస్తుంది. మెడకి కాలర్ వేసి లాగకండి, ఛాతీకి వేసే బెల్టు వాడండి. ముఖం మడతల్లో తడి నిలిచి పుండ్లు పడతాయి, వానాకాలంలో రోజూ తుడిచి ఆరబెట్టాలి.

కాబట్టి ఖర్చు 8,000తో ఆగదు. కంటి చుక్కలు బతికినంతకాలం వేయాలి. ముక్కు, అంగిలి ఆపరేషన్ చేయించాలంటే అనుభవమున్న సర్జన్ కావాలి. పొట్టి ముక్కు కుక్కలకి మత్తు ఇవ్వడంలో ప్రమాదం ఎక్కువ, మెలకువ వచ్చేటప్పుడు మరీ ఎక్కువ. మా డాక్టరు గారైతే ముందు గన్నవరం వెటర్నరీ కాలేజీలో చూపించమన్నారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించలేదు దీనికి. వయసు మీరిన ఆడకుక్క గర్భసంచిలో చీము పడితే అర్ధరాత్రి పరుగులే.

ఇదంతా చెబుదామని అతనికి ఫోన్ చేశాం. "ఇష్టం లేకపోతే తెచ్చి ఇచ్చేయండి, ఖర్చుల డబ్బు మాత్రం రాదండి" అన్నాడు. కుక్కని వెనక్కి ఇస్తే ఇంకో ఇంటికి అదే ధరకి వెళుతుందన్న మాట. రిపోర్టులు పంపాక నంబరు బ్లాక్ చేశాడు. కొన్నాళ్ళకి వేరే పేరుతో ఇంకో ప్రకటన కనిపించింది. ఫొటోలో కుక్క వేరు, వెనకాల పగిలిన ఆకుపచ్చ గచ్చు, ఇనుప గ్రిల్ మాత్రం అవే.

మన జిల్లాల్లో సొంత డబ్బుతో, సొంత పెరట్లో కుక్కల్ని కాపాడి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. నాకు తెలిసినవాళ్ళు వైద్యం పూర్తయ్యాకే ఇస్తారు, ఆపరేషన్ చేయించి ఇస్తారు, ఖర్చు అడిగితే బిల్లులు చూపిస్తారు. కుదరకపోతే కుక్కని మళ్ళీ మాకే ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదని సంతకం పెట్టించుకుంటారు. జబ్బుని దాచరు, ముందు అదే చెప్పి భయపెడతారు కూడా. ఇంటికి రమ్మంటే విసుగు అనుకోకండి, మీ ఇంటికి వాళ్ళే వచ్చి చూస్తామన్నా ఏమీ అనుకోకండి. డబ్బు ఇచ్చేముందు ఏదైనా పశువుల ఆసుపత్రి దగ్గర కలుద్దాం అనండి. దాచేది ఉన్నవాడు అక్కడికి రాడు.

చట్టం లేకపోలేదు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం పిల్లల్ని పుట్టించి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. 'దత్తత' అనే మాట ఎందుకు వాడుతున్నారో ఇప్పుడు అర్థమవుతుంది. అమ్మకం కాదంటే రిజిస్ట్రేషన్ నంబరు అడిగేవాడు ఉండడు. కుక్కని రోడ్డున వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరమే, కాకపోతే మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. నవ్వాలో ఏడవాలో మీ ఇష్టం.

ఆన్‌లైన్‌లో డబ్బు పంపి కుక్క రాకపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. "లారీలో ఎక్కించేశాం, ఇంకో 3,000 పంపితేనే దింపుతారు" అనే రకం మోసం కూడా నడుస్తోంది, మా పక్క వీధిలో ఒకరికి అలాగే జరిగింది. కుక్క చేతికొచ్చి జబ్బుదని తేలితే డాక్టరు చీటీ, రక్తపరీక్ష కాగితం, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, ప్రకటన ఫొటో అన్నీ దాచి ఉంచి పోలీస్ స్టేషన్‌లోనూ, పశుసంవర్ధక శాఖ ఆఫీసులోనూ రాతపూర్వకంగా ఇవ్వండి. మేం ఇచ్చాం. ఇంకా ఏమీ తేలలేదు.

ఆకుపచ్చ గచ్చు, ఇనుప గ్రిల్ ఉన్న ఫొటోతో మీకు ఎవరైనా పగ్ ఇస్తామంటే నాకు మెసేజ్ పెట్టండి. మా ఫిర్యాదు కాపీ పంపుతాను, మీదీ దానితో కలిపి ఇద్దాం.