మహబూబ్‌నగర్ దొరకని చరిత్ర పుస్తకం

డిగ్రీ విద్యార్థుల కోసం మేము నలుగురం అధ్యాపకులం కలిసి రాసిన దక్షిణ తెలంగాణ చరిత్ర పాఠ్యపుస్తకాన్ని ఎవరైనా ఉచితంగా చదువుకొని, కావాలంటే తిరిగి అచ్చు వేసుకొనే విధంగా ఆన్‌లైన్‌లో పెట్టడానికి ఒక వెబ్ ప్రోగ్రామరును కుదుర్చుకొని మూడేళ్లు దాటింది. ఆ పని మీద నాకున్న అభిప్రాయమంతా చివరికి పేజీ పైభాగాన ఉన్న చిన్న సెర్చ్ బాక్సు దగ్గరికే వచ్చి ఆగుతుంది. మిగతావి ఏ వెబ్‌సైటులోనైనా ఉండేవే కనుక వాటి జోలికి పోవడం లేదు.

మొదటి ఏడాది నేను ఆ యువకుణ్ణి పొగడని చోటు లేదు. మిర్యాలగూడ వైపు అబ్బాయి, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట మా పని చేశాడు. 45 వేలకు ఒప్పుకొని, రెండు నెలలు పడుతుందన్న పనిని ఆరు వారాలలోనే ముగించాడు. అంత వేగంగా ఎలా ముగిసిందో మాత్రం చాలాకాలం తరువాత తెలిసింది. అప్పటికి మా అధ్యాయాలు ఇంకా 'అను' అనే పాత అచ్చు ఫాంట్లలో డీటీపీ ఆపరేటరు కంప్యూటరులోనే ఉండిపోయినందున, అతడు సెర్చ్‌ను ఏవో ఇంగ్లీషు పేరాలతో పరీక్షించి, పని చేస్తున్నదని తృప్తిపడ్డాడు. పాఠం సమయానికి ఇవ్వనిది మేమే కనుక ఇందులో మా పాలు కూడా తక్కువేమీ కాదు.

రెండో ఏడాది వేసవిలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న ఒక పాలమూరు అమ్మాయి ఫోన్ చేసి, "సార్, మీ బుక్కులో మా జిల్లానే లేదు సార్" అన్నది. పాలమూరు 1890లో ఆరో నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరిట మహబూబ్‌నగర్‌గా మారిన సంగతితో మొదలుపెట్టి పూర్తిగా ఒక అధ్యాయమే ఉన్నదని, చూడకుండా మాట్లాడవద్దని కొంచెం విసురుగానే జవాబిచ్చాను. ఫోన్ పెట్టేసి నేనే టైపు చేసి చూస్తే ఫలితాలు సున్నా. రిటైరయ్యే దాకా తరగతి గదిలో ఎప్పుడూ పడనంత సిగ్గు ఆ సాయంత్రం పడ్డాను.

కారణం వినడానికి అల్పంగా ఉంటుంది. మా పుస్తకంలో 'మహబూబ్‌నగర్' అని ఉన్నచోట 'బ్' తరువాత వచ్చే 'న' వత్తుగా మారిపోకుండా మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారట. ఆ అమ్మాయి, ఆమె తరువాత నేను, ఫోన్‌లో 'మహబూబ్ నగర్' అని ఖాళీ వదిలి కొట్టాము. ఇంకొకరు 'మహబూబ్నగర్' అని కొడతారు. మనిషికి ఇవన్నీ ఒకే ఊరు, యంత్రానికి మూడు వేరు వేరు మాటలు. మా ఊరి సంగతీ అంతే: నలుగురు రచయితలం నల్లగొండ అనీ, నల్గొండ అనీ, నల్‌గొండ అనీ ఎవరి అలవాటు ప్రకారం వారు రాసుకుపోయాము.

ప్రోగ్రామరుకు చెబితే, "సార్, అందరు ఒక్కతీరుగ రాస్తే అయిపోతది గద" అన్నాడు. నాకు నిజంగా కోపం వచ్చింది అప్పుడే. చరిత్ర పుస్తకంలో పేర్లన్నింటినీ ఒకే తీరుకు దిద్దడం కుదరదు. పాత పత్రం నుంచి ఉటంకించేటప్పుడు అందులోని వర్ణక్రమం కూడా ఆధారమే. పచ్చల సోమేశ్వరాలయం ఉన్న ఊరిని ఒకరు పానగల్లు అంటే మరొకరు పానుగల్లు అంటారు. విష్ణుకుండినుల రాగి శాసనాలు దొరికిన తుమ్మలగూడెమే ఇంద్రపాలనగరం. 1946లో దొడ్డి కొమురయ్య అమరుడైన కడవెండి అప్పటి నల్లగొండ జిల్లాలోది. 2016 పునర్విభజన తరువాత అది జనగామ జిల్లాలోకి పోయింది. దేనిని కొట్టివేసి దేనిని ఉంచాలి?

మూడు వారాలు అతడి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒక ఆదివారం మాత్రం తానే నల్లగొండకు వచ్చి, మా ఇంట్లో భోజనం చేసి, రాత్రి పదింటి దాకా కూర్చున్నాడు. పాఠాన్ని అలాగే ఉంచి, వెతికేటప్పుడు మాత్రమే ఆ కనబడని అక్షరాన్నీ మధ్యలోని ఖాళీనీ లెక్కలోకి తీసుకోకుండా చేశాడు. దానికి తోడు ఒకే ఊరి పేర్లన్నింటినీ ఒక వరుసలో చేర్చే పట్టిక పెట్టాడు. నేను అడగనిది ఇంకొకటి కూడా పట్టుకున్నాడు. అను ఫాంట్ల నుంచి, ఏ కంప్యూటరైనా చదవగల యూనికోడ్ అనే అక్షర సంకేత పద్ధతిలోకి మార్చిన అధ్యాయాలలో ఐత్వం రెండు ముక్కలుగా, ఎత్వమూ దాని కింది గుర్తూ విడివిడిగా, వచ్చి ఉన్నది. తెర మీద 'హైదరాబాదు' రెండు చోట్లా ఒకేలా కనబడుతుంది, కాని వెతికితే సగం అధ్యాయాలే దొరుకుతాయి. ఏడాదిన్నరగా ఈ లోపం మా నలుగురి కళ్లకూ ఆనలేదు. ఆ రాత్రి నా కోపం చాలావరకు పోయింది.

చాలావరకు అనే అంటున్నాను. ఆ దిద్దుబాటుకు మరో 12 వేలు ఇచ్చాము. పట్టికలో కొత్త పేర్లు చేర్చే పని నా మీద పడింది. పింఛను మీద బతికే నాకు తీరిక ఉన్నది కనుక ఇబ్బంది అనిపించదు; రోజుకు నాలుగు క్లాసులు చెప్పే మా పాలమూరు సహ రచయిత మాత్రం దీనిని ఒక శిక్షగానే భావిస్తున్నాడు. మొదటి నుంచి యూనికోడ్‌లోనే రాసినవారికి, లేదా కాలేజీలోనే కంప్యూటర్ విభాగం అండగా ఉన్నవారికి, ఇలా బయటి మనిషిని పెట్టుకోవడం అవసరమే కాకపోవచ్చు. మాకు ఆ రెండూ లేవు. మళ్లీ పని పడితే అతణ్ణే పిలుస్తాను, కాని డబ్బు మాట్లాడుకొనే ముందే తెలుగులో పది పేర్లు వెతికించి చూస్తాను.

ఫస్లీ సంవత్సరాల లెక్క ఇంకా మిగిలే ఉన్నది. జాగీర్ల రద్దు నిబంధన నిజాం కాలపు లెక్కలో 1358 ఫస్లీ నాటిది. క్రీస్తు శకంలోకి మార్చాలంటే నెలను బట్టి 590 గాని 591 గాని కలుపుకోవాలి. విద్యార్థి 1949 అని వెతికితే ఆ పేజీ నేటికీ రాదు. వచ్చే దసరా సెలవులలో చూద్దామని అతడన్నాడు.