రియా ఫర్మోజాలో తీరిగ్గా ఒక నడక: ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి

పోర్చుగల్ దక్షిణాన అల్గార్వ్ తీరానికి వెళ్ళినవాళ్ళలో చాలామంది బీచ్‌లు, సముద్రపు గుహలు చూసి తిరుగు ప్రయాణం అవుతారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మతో వెళ్ళిన మాకు మాత్రం అన్నిటికన్నా నచ్చింది సావ్ లోరెన్సో నడకదారి. రానూపోనూ మూడు కిలోమీటర్ల పైచిలుకు. ఎక్కడా ఎత్తు ఎక్కే పనే లేదు.

ఇది రియా ఫర్మోజా నేచర్ పార్కులో ఉంది. ఇసుక దీవుల వెనక దాదాపు 60 కిలోమీటర్ల పొడవునా పరుచుకున్న ఉప్పునీటి సరస్సు, చిత్తడి నేలలు కలిపి 1987లో నేచర్ పార్కు చేశారు. కింటా దో లాగో అనే రిసార్టుల ప్రాంతం దగ్గర బీచ్‌కి వెళ్ళే పొడవాటి చెక్క వంతెన ఉంటుంది. దాన్ని దాటకుండా ఎడమకి తిరిగితే నడక మొదలు. ఒకవైపు గొడుగు విప్పినట్టుండే స్టోన్ పైన్ చెట్లు, రెండోవైపు చిత్తడి. ఈ పైన్ కాయ పండడానికి మూడేళ్ళు పడుతుంది. కొమ్మల్లో నీలి రెక్కల మాగ్‌పై పక్షులు గుంపుగా అరుస్తూ తిరుగుతుంటాయి.

వెళ్ళేది ఎన్ని గంటలకన్నది ఆటుపోట్లను బట్టే పెట్టుకోండి. పోటు మీద వెళ్తే నీళ్ళు తప్ప ఏమీ కనబడవు. ఆటు వేళకి బురద బయటపడుతుంది, దాంతోపాటు ఫిడ్లర్ పీతలూ. మగపీతకి ఒక డెక్క ఒంటికి మించినంత పెద్దది, రెండోది చిన్నది. పెద్ద డెక్క ఎత్తి ఊపేది ఆడపీత కోసం, పక్క మగపీతని బెదిరించడానికి. తిండికి అది పనికిరాదు, చిన్న డెక్కతోనే బురద తీసి నోట్లో పెట్టుకుంటుంది. ఆడపీతకి రెండూ చిన్నవే, కాబట్టి రెండు చేతులా తింటుంది. మన నీడ పడితే చాలు, అన్నీ బొరియల్లోకి దూరిపోతాయి. కదలకుండా నిలబడితే ఒక్కొక్కటే పైకొస్తాయి. "కాసేపు కూర్చుందామా అమ్మా?" అని అడిగితే, "ఉండరా, ఆ పెద్దది మళ్ళీ రానీ" అంది.

దారిలో రోమన్ల కాలంనాటి తొట్లు ఉన్నాయి, చేపల్ని ఉప్పులో ఊరేసినవి. ఆగి చూడాల్సినవే, అయితే చూడటానికి మిగిలింది తక్కువ. ఇంకాస్త ముందుకెళ్తే గోల్ఫ్ మైదానం పక్కన మంచినీటి చెరువు, పక్షుల్ని చూడటానికి కట్టిన చెక్క గది వస్తాయి. ఎర్ర ముక్కు, ఊదారంగు ఒళ్ళు ఉన్న నీటికోడి ఇక్కడ దగ్గర నుంచే కనబడుతుంది. పార్కు చిహ్నం మీదున్న పక్షి ఇదే. బైనాక్యులర్స్ ఉంటే తప్పకుండా తీసుకెళ్ళండి. ఫారో విమానాశ్రయం దగ్గర కావడంతో విమానాల మోత వినబడుతూనే ఉంటుంది, నాకు నచ్చనిది అదొక్కటే.

బస విషయంలో నా ఓటు ఫారో పట్టణానికే. కింటా దో లాగో గోల్ఫ్ రిసార్టుల చోటు, ఖర్చు చాలా ఎక్కువ. ఫారో పాతబస్తీ దగ్గరైతే రైల్వే స్టేషన్‌కి నడిచే వెళ్ళొచ్చు, ఒల్యావ్, తవీరా ఊళ్ళకి రైలుంది. మేం దిగిన గెస్ట్‌హౌస్ శుభ్రంగా ఉంది కానీ లిఫ్ట్ లేదు, అమ్మకి ఇబ్బందయింది. పెద్దవాళ్ళుంటే బుక్ చేసేముందే అడగండి. కారు లేకపోతే ఫారో నుంచి నడక మొదలయ్యే చోటిదాకా టాక్సీయే తేలిక.

ఓపికున్నవాళ్ళు ఫారో నుంచి 16వ నంబరు బస్సులో ఫారో బీచ్ వైపు వెళ్ళి, అక్కణ్ణుంచి లూడో ఉప్పుమడుల మీదుగా నడవొచ్చు, సైకిలైతే ఇంకా మేలు. ఫ్లెమింగోలు కనబడేది అక్కడే, కాకపోతే దూరమెక్కువ, నీడ తక్కువ. ఎండాకాలంలో పెద్దవాళ్ళతో మాత్రం వద్దు.

దారిలో నీళ్ళు దొరుకుతాయని నమ్ముకోకుండా బాటిల్ పట్టుకెళ్ళండి. చలికాలం చివర్లో పైన్ చెట్ల కింద గొంగళిపురుగులు బారులు తీరి పోతుంటాయి. వాటి నూగు తగిలితే ఒళ్ళు దద్దుర్లు లేస్తుంది, కుక్కలకైతే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి.