ఒంగోల్లో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు: ఒక్క మొద్దుకి 4,500

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డులో లెక్కలు రాస్తాను. గెలాక్సీ అనే నల్లరాయి బ్లాకుల కొలతలు, లారీ కాగితాలు, బయ్యర్లకి మెయిళ్లు అన్నీ నా నెత్తినే. చదివింది తెలుగు మీడియం. అయినా పదకొండేళ్లు బండి నడిచింది.

పోయిన వేసవిలో ఒక బయ్యరు, ఫలానా రెండు బ్లాకుల్ని 'బ్లాక్' చేయమని మెయిల్ పెట్టాడు. ఫోన్లో నంబరు బ్లాక్ చేయడం తప్ప నాకింకోటి తెలీదు. వద్దంటున్నాడు కాబోలు అనుకుని వేరే పార్టీకి ఇచ్చేశాం. వారం తిరక్కుండా ఆయన మనిషి మార్కింగు వేసుకోడానికి పెయింటు డబ్బాతో దిగాడు. మా ఓనరు ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ నెల్లోనే కర్నూలు రోడ్డులో ఒక సెంటర్లో చేరా. పేరు రాయను. నలభై ఐదు రోజులు, 4,500 ఫీజు, పొద్దున ఆరున్నర బ్యాచి. ముప్ఫై ఎనిమిది మందికి రెండు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరిగేది. మెటీరియల్ అని చేతిలో పెట్టింది జిరాక్సుకి జిరాక్సు. అందులో బ్లాక్ అన్న మాటకి పద్దెనిమిది అర్థాలు వరసగా అచ్చేసి బట్టీ పట్టమన్నారు. నాకు పదోదానికి వచ్చేసరికి మొదటిది పోయేది.

క్లాసు మొత్తానికీ పనికొచ్చింది పెద్ద సారు ఒక్కరే. ఒకరోజు పొద్దున్నే, "మటన్ కొట్టులో కత్తి కింద ఏముంటుందిరా?" అనడిగాడు. మొద్దు సార్ అన్నాం. "అదే బ్లాక్. పాత డచ్చి భాషలో ఆ మాటకి చెట్టు మొద్దనే అర్థం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకొచ్చింది."

ఇంక ఆ మొద్దుని పట్టుకుని గంటసేపు ఊరంతా తిప్పాడు. దారికడ్డంగా పడేస్తే రోడ్డు బ్లాకు. రక్తనాళంలో అడ్డం పడితే గుండెలో బ్లాకు. నాలుగు పక్కలా చెక్కితే మా యార్డులో రాయి. ఇళ్లన్నీ అట్టా చదరంగా కట్టి చుట్టూ వీధులు వదిలితే అదీ బ్లాకే, అమెరికాలో అంగడి ఎంత దూరమంటే రెండు బ్లాకులంటారంట. 1952లో సమాజాభివృద్ధి పథకం మొదలయ్యాక జిల్లాల్ని ముక్కలు చేసి వాటికీ అదే పేరు పెట్టారు. మా నాయన ఇప్పటికీ మండలాఫీసుని బ్లాకాఫీసనే అంటాడు, ఎందుకో ఆరోజు తెలిసింది. ఎవరూ తీసుకోకుండా అడ్డం పెట్టి ఉంచితే, "నీ బయ్యరు అడిగింది ఇదే నాయనా" అన్నాడు. నాకు ముఖం చెల్లలేదు.

వెనక బెంచీ నుంచి ఒక పిల్లోడు, "మరి బ్లాక్‌హెడ్ అంటే సార్?" అన్నాడు. "మీ ఇంట్లో నిన్నేమని తిడతారు?" "మొద్దు అని, సార్." మన తెలుగులోనూ చెట్టు మొద్దుకీ తెలివిలేనోడికీ ఒకటే మాటని నేనెన్నడూ గమనించలా.

ఇంకో సంగతి. బ్యాంకు ఫారాల్లో బ్లాక్ లెటర్స్‌లో నింపమంటే ఇన్నేళ్లూ నల్లపెన్ను కోసం వెతుక్కున్నా. పెద్దక్షరాలంట! నలుపూ, ఇదీ మన నోట్లో ఒకటే అయిపోయాయి. నలుపుకి 'బ్ల్యా' అని నోరు సాగదీయాలి, రాయికి పెదాలు గుండ్రంగా పెట్టాలి. మేం అమ్మేది నల్లరాయి బ్లాకులు, నాకింకా తిప్పలే.

ఇరవై ఐదో రోజున పెద్ద సారు మానేశాడు. ఎందుకని అడిగితే ఆఫీసులో చెప్పలేదు. ఆయన బదులొచ్చిన కుర్రాడు జిరాక్సు చూసి చదివేవాడు. గ్రూప్ డిస్కషనని సెల్‌ఫోన్ మంచిదా చెడ్డదా అన్నది నాలుగుసార్లు పెట్టాడు. మిగిలిన రోజుల డబ్బులు తిరిగిమ్మంటే వీడియోలు పంపుతామన్నారు. వీడియోలేవని మూడోసారి అడిగేసరికి నా నంబరు బ్లాక్ చేశారు. ఈసారి అర్థం వెతుక్కోలేదు.

సెంటరుకి అయిదులో ఒకటిన్నర. సారుకి అయిదూ. చేరాలనుకుంటే ముందు ఒకరోజు ఊరికే కూర్చుని పాఠం ఎవరు చెబుతున్నారో చూసుకోండి, ఫీజు మొత్తం ఒకేసారి కట్టొద్దు. సారు ఇప్పుడు ఇంటి దగ్గరే ఆదివారాలు చెబుతున్నాడు, నేను పోతున్నా. వచ్చే వారం 'లాట్' అంట. మా యార్డులో రోజుకి వందసార్లు అంటాం దాన్ని.