మొటిమల మందా, సెఫ్ట్రియాక్సోనా: తల దెబ్బకు ఏది మేలు?

మొన్న రాత్రి షాపు షట్టర్ సగం దించాక ఒక కుర్రాడు వంగి లోపలికొచ్చాడు. వాళ్ల బావ ముసునూరు టోల్‌గేట్ దగ్గర బైక్ మీద నుంచి పడ్డాడు. హెల్మెట్ లేదు. నెల్లూరులో వెంటిలేటర్ మీద ఉన్నాడు. "అన్నా, మినోసైక్లిన్ మెదడు దెబ్బకి పనిచేస్తుందంట. ఒక షీటు ఇవ్వన్నా, ముక్కు ట్యూబులో వేయమని అడుగుతాం" అంటూ ఫోన్ చూపించాడు. కావలిలో ఇన్నేళ్లుగా మందులమ్ముతున్నా, మొటిమల మందు కోసం ఐసీయూ నుంచి మనిషి రావడం అదే మొదలు.

వాడు చదివింది అబద్ధమేం కాదు. మినోసైక్లిన్ కొవ్వులో బాగా కరుగుతుంది, అందుకే తన జాతి యాంటీబయాటిక్‌లైన మిగతా టెట్రాసైక్లిన్ల కంటే తేలిగ్గా మెదడులోకి చేరుతుంది. అక్కడ మైక్రోగ్లియా అనే కాపలా కణాలుంటాయి. దెబ్బ తగిలితే అవి రెచ్చిపోయి, పక్కనున్న మంచి కణాలనూ పాడుచేస్తాయి. ఈ మందు వాటిని చల్లబరుస్తుంది. ఎలుకల్లో గాయం తగ్గింది కూడా. మనుషుల తల దెబ్బల్లో మాత్రం జరిగినవి చిన్న చిన్న పరీక్షలే. పైగా ఈ మందుతో అరుదుగా తలలో ఒత్తిడి పెరుగుతుంది. వాచిన మెదడుకు కావలసింది అదేనా?

సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ సంగతి ఇంకోలా ఉంటుంది. గాయపడిన మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం పొంగి కణాలను చంపుతుంది. 2005లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు వాడుకలో ఉన్న 1,040 మందులను జల్లెడ పడితే, ఆ గ్లుటమేట్‌ను తోడేసే ప్రొటీన్‌ను పెంచే మందుల్లో ఇది దొరికింది. మన షాపులో రోజూ అమ్ముడుపోయే పొడి వయల్, నీళ్లు పోసి ఊపితే లేత పసుపు రంగులో కరిగేది, అదే.

కండరాలు చచ్చుబడే ఏఎల్‌ఎస్ జబ్బులో ఈ రెండింటినీ మనుషుల మీద పెద్దగానే పరీక్షించారు. 2007లో మినోసైక్లిన్ తీసుకున్నవాళ్లు ఇంకా తొందరగా దిగజారారు. 2014లో సెఫ్ట్రియాక్సోన్ వల్ల ఒరిగిందేమీ లేదని తేలింది. ఎలుకల్లో గెలిచినంత మాత్రాన సరిపోదన్నమాట.

అయినా నా ఓటు సెఫ్ట్రియాక్సోన్‌కే. కారణం మెదడు కాదు, ఊపిరితిత్తులు. స్పృహ లేని మనిషికి నోట్లో ఊరేది లోపలికి జారి న్యుమోనియా వస్తుంది. ఫ్రాన్స్‌లో మెదడు దెబ్బతిని వెంటిలేటర్ ఎక్కినవాళ్లకు గొంతులో ట్యూబు వేసిన 12 గంటల్లోపు ఒకే ఒక్క 2 గ్రాముల డోసు ఇచ్చి చూశారు. మొదటి వారంలో వచ్చే న్యుమోనియా 32 శాతం నుంచి 14కి తగ్గింది. ఈ ఫలితాలు 2024లో అచ్చయ్యాయి. యాంటీబయాటిక్ తన పాత పని తాను చేసుకుపోయింది, అంతే. అది కూడా డాక్టరు చూసి ఇవ్వాల్సిందే.

కుర్రాడికి షీటు ఇవ్వలేదు. ఎందుకో చెప్పాను, డాక్టర్నే అడగమన్నాను. బావ పడి అప్పటికి మూడు రోజులు. ఆ 12 గంటలు ఎప్పుడో దాటిపోయాయి, ఆ మాట మాత్రం నోటికి రాలేదు. "అక్క ఏమన్నా తింటోందా?" అని అడిగా. తల అడ్డంగా ఊపాడు. రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చేతిలో పెట్టి, షట్టర్ పైకెత్తా.