అరోరా ల్యాంపు: వెలుగు బాగుంది, చీటీలో రాసిందే తప్పు

అనంతపురం ఫ్యాన్సీ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే ‘అరోరా ప్రొజెక్టర్ ల్యాంపు’ పిల్లల గదికి కొనొచ్చా, బడికి పనికొస్తుందా అని అడిగేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. గదికైతే కొనొచ్చు. బడికైతే మాత్రం డబ్బాలోని చీటీ పారేసి వాడండి.

అరోరా అంటే ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు. అక్కడి మంచు మీద పడిన ఎండ పైకి తిరిగి రంగులుగా కనిపిస్తుందని ఆ చీటీలో అచ్చేశారు. ఆ వెలుగులు బాగా కనిపించేదే చలికాలపు పొడుగు రాత్రుల్లో. అప్పుడు ఎండెక్కడిది?

అసలు జరిగేది ఇది. సూర్యుడి నుంచి విద్యుదావేశ కణాల గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది, మామూలుగా సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో. భూమి అయస్కాంత క్షేత్రం దాన్ని చాలావరకు పక్కకు మళ్లిస్తుంది. ఆ ఒత్తిడికి క్షేత్రం రాత్రివైపు తోకలా సాగుతుంది. సాగిన అయస్కాంత రేఖలు తెగి మళ్లీ అతుక్కున్నప్పుడు ఎలక్ట్రాన్లు జోరుగా ధ్రువాల వైపు దిగి, పైగాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లను గుద్దుతాయి. అవి ఆ శక్తిని వెలుగుగా వదిలేస్తాయి. నియాన్ బోర్డు ఎర్రగా, పాత సోడియం వీధిదీపం పసుప్పచ్చగా వెలిగేది కూడా ఇలాగే. ఏ వాయువు రంగు దానిది.

ల్యాంపులో అసలు లోపం ఇక్కడే. ఆటో మోడ్‌లో పెడితే ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఒకదాని వెనక ఒకటి వచ్చిపోతాయి. ఆకాశంలో రంగు మారేది ఎత్తును బట్టి. 100–150 కిలోమీటర్ల మధ్య ఆక్సిజన్ ఆకుపచ్చ (వెలుగు అల పొడవు 557.7 నానోమీటర్లు, చిగురాకు రంగు). 200 దాటాక అదే ఆక్సిజన్ ఎరుపు (630). అన్నిటికన్నా కింది అంచున నైట్రోజన్ గులాబీ, ఊదా. ఒకే ఆక్సిజన్‌కు రెండు రంగులేమిటంటే, ఎరుపు వెలుగు వదలడానికి పరమాణువుకు సుమారు రెండు నిమిషాలు పడుతుంది. కింద గాలి చిక్కన. ఆ లోపే ఇంకో అణువు తగిలి శక్తి లాగేసుకుంటుంది. ఆకుపచ్చకు సెకను కూడా పట్టదు. అందుకే ఆకుపచ్చ తెర రెపరెపలాడుతుంది, ఎరుపు మసగ్గా పరుచుకుంటుంది.

దీన్ని గదిలో సరిచేయొచ్చు. ఆటో, పాట మోడ్ రెండూ ఆపి ఆకుపచ్చ ఒక్కటే పెట్టండి, వేగం అన్నిటికన్నా తక్కువ. ల్యాంపును గోడకు ఆరేడు అడుగుల దూరంలో ఉంచి వెలుగు గోడ మధ్యలో పడనివ్వండి. టార్చిలైటు మూతికి ఎర్ర జిలెటిన్ కాగితం రెండు పొరలు రబ్బరుబ్యాండుతో బిగించి, ఆకుపచ్చకు పైభాగంలో సన్నగా వేయండి. సున్నం కొట్టిన శ్లాబు ఇంట్లో ఇది అదిరిపోతుంది. నాపరాళ్ల మిద్దెల్లో నల్లబండ వెలుగంతా మింగేస్తుంది, కాబట్టి గోడకు నాలుగు మూలలా లాగి తెల్ల పంచె కట్టాల్సిందే.

ల్యాంపు మసకగా వెలిగి మోటారు ఆగి ఆగి తిరుగుతుంటే తప్పు చార్జరుది కావచ్చు. పాత ఫోను చార్జరు తీసేసి 5 వోల్టులు, 2 యాంపులది పెట్టండి. కరెంటు పోతే పవర్‌బ్యాంకు చాలు. రిమోట్ పలక్కపోతే బ్యాటరీ కింది ప్లాస్టిక్ ముక్క లాగారో లేదో చూడండి. మన దుమ్ముకు పది రోజులకోసారి అద్దాన్ని పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి, తడి వద్దు.

చుక్కలు వేసే ఆకుపచ్చ లేజరు మాత్రం నాకు నచ్చలేదు. దాని తరగతి (కంటికి ఎంత ప్రమాదమో చెప్పే అంకె), మిల్లీవాట్లు రాసిన స్టిక్కరు లేకపోతే ఆ డబ్బా కొనకండి. ఉన్నా సరే, పిల్లల కంటి ఎత్తులో పెట్టొద్దు.

‘ఇది లడఖ్‌లోనూ కనిపించింది సార్’ అని దుకాణంలో చెబితే అబద్ధమనుకోకండి. 2024 మే 10–11 రాత్రి పెద్ద సౌర తుపానుకు అక్కడి హాన్లే అనే ఊళ్లోని కెమెరాలకు ఎర్రటి వెలుగు చిక్కింది. ఎరుపొక్కటే ఎందుకంటే, ఆ తెర ఎక్కడో ఉత్తరాన ఉంది. దాని కింది ఆకుపచ్చ దిగంతం చాటున పోయి, ఎత్తులోని ఎరుపు మాత్రమే మిగిలింది. పిల్లలకు అది చూపించాలంటే ల్యాంపు ఆపేసి, ఎర్ర టార్చి ఒక్కటే గోడ అడుగున వేయండి.