ఒక్క మాట పోనియ్యకుండ మా బాపు క్యాసెట్ బాగుచేసిండు

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక గల్లీల, మెట్లెక్కితే పైన చిన్న షాపు ఉన్నది. బోర్డు లేదు. కింద మిర్చి బండి కాడ "టేపుల అన్న యాడుంటడు" అని అడిగితే చూపెడ్తరు. పాత టేప్ రికార్డర్లు, రేడియోలు బాగుచేస్తడు, క్యాసెట్ల ఉన్నది పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చి ఇస్తడు. పోయిన నెల మా బాపు క్యాసెట్ ఒకటి ఇచ్చిన. ఐదుకు ఐదు స్టార్లు ఇస్తున్న, ఎందుకో వివరంగ రాస్త.

ముందుగాల ఆ క్యాసెట్ సంగతి చెప్పాలె. లేకుంటే యూట్యూబ్‌ల దొరికే పాటకు ఇంత తిప్పలెందుకంటరు. మా చెల్లె అట్లనే అన్నది.

2009ల నా విడాకుల కేసు నడుస్తుండె. ఇద్దరం ఒప్పుకొని హిందూ వివాహ చట్టంల 13బి కింద వేసినం. మొదటిసారి కోర్టుకు పోయినంక, మళ్ల పోవుటానికి ఆరు నెలలు ఆగాల్సొచ్చింది. ఆ ఆరు నెలలు గోదావరిఖనిల బాపు క్వార్టర్లనే ఉన్న. ఇంట్ల ఎవ్వరం గట్టిగ మాట్లాడకపోయేది. టీవీ సౌండ్ సుత తగ్గిచ్చి పెట్టేది అమ్మ.

అప్పుడే డల్లస్‌ల ఉండే మా అన్న నెల రోజుల సెలవు మీద వచ్చిండు. బాపు దగ్గర టేప్ రికార్డర్ ఒక్కటే ఉండె. అన్న ల్యాప్‌టాప్‌కు తీగ తగిలిచ్చి, అక్కడ కారుల వినే కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లె బాణీ పాటలు, 60 నిమిషాల క్యాసెట్ల నింపిండు. పాటకు పాటకు నడుమ బాపుకు తెలవాలని తెలుగుల తనే చెప్పుకుంట పోయిండు, రేడియోల చెప్పినట్టు. యూట్యూబ్‌ల దొరకనిది అదే.

అందుల మూడో పాట జెర్రీ రీడ్ పాడింది, "షీ గాట్ ద గోల్డ్‌మైన్, ఐ గాట్ ద షాఫ్ట్". 1982ల అమెరికా కంట్రీ పాటలల్ల ఒకటో నంబరుకు పోయింది, రాసినాయన టిమ్ డుబోయ్. జెర్రీ రీడ్ అసలు గిటార్‌ల మొనగాడు. ఎల్విస్ ప్రెస్లీ పాడిన "గిటార్ మ్యాన్" పాట రాసింది ఈయనే, దాంట్ల గిటార్ వాయించింది కూడ ఈయనే. అన్న క్యాసెట్ నింపిన ముందటేడే, 2008ల పోయిండు. పాట మాత్రం విడాకులైన మొగడు తన గోస చెప్పుకునేది. ఆమెకు బంగారం బాయి పోయింది, నాకు షాఫ్ట్ మిగిలింది అంటడు. క్యాసెట్ల అన్న ఇట్ల చెప్పిండు: "బాపూ, ఇంగ్లీషుల షాఫ్ట్ దొరికిందంటే మోసపోయిండన్నట్టు. బాయి ఆమెకు, ఈయనకు ఉత్త బొంద!"

బాపు 31 ఏండ్లు బొగ్గుబాయిల చేసిండు. ఎక్కువ ఇంక్లైన్లల్లనే, అంటే ఏటవాలుగ నడుసుకుంట దిగేటియి. షాఫ్ట్ నిట్టనిలువు బొంద, దాంట్ల మనుషులు కేజ్‌ల నిలబడి దిగుతరు. ఫస్ట్ షిఫ్ట్ దిగొచ్చి, తానం చేసి, చాయ్ తాగుకుంట ఈ పాట విన్నడు. అన్న చెప్పింది విన్నడు. కొద్దిసేపు ఆగి అన్నడు గదా, "షాఫ్ట్ ఈయన దగ్గరుంటే ఆమె బంగారం పైకెట్ల తెస్తది బిడ్డా? కోలార్ల మూడు కిలోమీటర్ల లోతుకెళ్లి తెచ్చిన్రు. షాఫ్ట్ లేకుంటే ఆ బాయి దేనికి పనికొస్తది?" నేను పకపక నవ్విన. బాపు నవ్విండు. అమ్మ ఏమైందో అని చేతిల గంటెతోటే బయటికొచ్చింది. కేసు వేసినంక ఆ ఇంట్ల నవ్విన మొదటి రోజు అదే. అటెన్క షిఫ్ట్ దిగొస్తే చాలు, "ఆ బొంద పాట పెట్టు బిడ్డా" అనేటోడు.

నా లెక్క ఆ పాటకు తిరగబడ్డది. పెండ్లికి పెట్టిన 14 తులాలల్ల 9 తులాలే తిరిగొచ్చినయ్. అంతా ఆడిదానికే దక్కుతదని పాడే పాట మీద నాకు కోపం రావాలె. రాలే. పెద్దమనుషులు కూసొని బీరువా ఎవరిది, డబుల్‌కాట్ ఎవరిది, ఇత్తడి బిందెలు ఎన్ని అని రాస్తుంటే నాకు యాదికొచ్చింది ఈ పాటనే. ఊపిరి తిప్పకుండ, పంచాయతీల తన దిక్కు చెప్పుకునే మనిషి లెక్క పాడ్తడు. ఆ పంపకం మొగోడు చెప్పినా ఆడిది చెప్పినా ఒక్క తీరుగనే ఉంటది. ఇన్నేండ్లయినా ఆ పాట నాకు ఇష్టం.

ఇగ క్యాసెట్. ఈ షాపు తెలవకముందు ఇంకో కాడ ఇచ్చిన. వాళ్ల మిషన్ల టేపు చుట్టుకుంటే గుంజి తీసిన్రు. మడతలు పడ్డ టేపు బయటికి ఏలాడుతుంటే కవర్ల పెట్టి ఇచ్చిన్రు. నాకు ఏడుపొచ్చింది.

టేపుల అన్న చూసుడు చూసుడే, "మేడమ్, మడత వడ్డ జాగల ఏమున్నది? పాటనా, మాటనా?" అని అడిగిండు. మాట అన్న. "అయితే కొయ్య" అన్నడు. సెకనుకు టేపు ఇంచుమించు ఐదు సెంటీమీటర్లు నడుస్తదట. మడతలు పది సెంటీమీటర్లు ఉన్నయ్. కోసి అతికిస్తే రెండు సెకన్లు పోతయ్. మా అన్న "ఉత్త బొంద" అన్నది ఆ రెండు సెకన్లల్లనే.

ఆ క్యాసెట్ డబ్బకు స్క్రూలు లేవు, అంటుపెట్టిన రకం. అతుకు పొంటి బ్లేడు పెట్టి నిమ్మళంగ విప్పిండు. టేపును సౌండ్ చదివే హెడ్డుకు ఒత్తే చిన్న స్పంజు ముక్క ఊడి మూలకు పడున్నది. అది లేకుంటే సౌండ్ బొంగురుగ వస్తదని చూపెట్టిండు. మడతలున్న టేపును అద్దం మీద పరిచి, బొటనవేలుకు మెత్తటి గుడ్డ చుట్టుకొని, ఒక్కటే దిక్కుకు నిమిరిండు. పావుగంట అదే పని. మధ్యల ఫోన్ మోగితే ఎత్తలే. తర్వాత రెండు చక్రాలు తీసి ఐదు స్క్రూల కొత్త డబ్బల పెట్టిండు.

ఐదు రోజులల్ల ఇస్తనన్నది పదకొండు రోజులు పట్టింది, అదొక్కటే లోటు. ఆలస్యమైతే ఫోన్ చేసి చెప్పడు, మనమే చెయ్యాలె.

తీసుకునే రోజు బాపును తోల్కపోయిన. ఇప్పుడు మోకాళ్లు నొస్తున్నయ్, మెట్లెక్కుటానికి టైమ్ పట్టింది. టేపుల అన్న కుర్చీ వేసి, "కాకా, మీరు విని చెప్పున్రి" అన్నడు. పాట వినంగనే బాపు తల అడ్డం ఊపిండు. "ఉరుకుతున్నడు. మా పోరని గొంతు సన్నగైంది" అన్నడు. నాకైతే తేడా తెలవలే. టేపుల అన్న వాదించలే. మా అన్న వాట్సాప్‌ల పంపిన వాయిస్ ఉంటే పెట్టమన్నడు. పెట్టిన. ఫోన్ ఒక చెవు దిక్కు, టేపు ఒక చెవు దిక్కు పెట్టుకొని విన్నడు. "కాకా చెప్పింది నిజమే" అని మోటరు వెనకున్న చిన్న బొక్కల స్క్రూడ్రైవర్ పెట్టి కొంచెం కొంచెం తిప్పిండు. మూడోసారికి బాపు చెయ్యెత్తి "ఆపు, ఇగ వీడు మావోడే" అన్నడు. మళ్ల రెండు దిక్కులు మొదటి నుంచి ఎక్కిచ్చిండు, దానికి పైసలు అడగలే.

పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చినందుకు 350, కొత్త డబ్బకు 150, మా టేప్ రికార్డర్ బెల్టు మార్చినందుకు 200. మొత్తం 700. పెన్‌డ్రైవ్ మనదే ఇయ్యాలె. మొదలు ఒక దిక్కంతా ఒకటే ఫైలు చేసిండు, పాటలు వేరు చెయ్యమంటే అక్కడనే కూసొని చేసిచ్చిండు. మా అన్న మాటలు ఏ పాటకు ఆ పాట ముందటనే ఉంచిండు.

పొద్దున 11 తర్వాత పోతే ఉంటడు. చెడిపోయిన క్యాసెట్ ఉంటే రివైండ్ చెయ్యకుండ, ఎక్కడ ఆగిందో అట్లనే తీస్కపోన్రి. దెబ్బ తాకిన జాగ అక్కడనే దొరుకుతదన్నడు.