ఈగ రెక్కనా, వీపు మీది బ్రిసిల్సా: ప్రాజెక్టుకు ఏది మేలు?

నల్గొండ, పాలమూరు దిక్కు ఎమ్మెస్సీ జువాలజీ పిల్లలు డ్రోసోఫిలా అనంగనే రెక్కలు పట్టుకుంటరు, మంచిగ కనవడతయ్, స్లయిడ్ మీద సాపుగ పరుచుకుంటయ్ గదా అని. (ఇది కొల్లాపూర్ మామిడిని పాడుచేసే ఈగ కాదు, అది వేరే జాతి, ఇది మురిగిన అరటిపండు మీద మూగే చిన్నది.) నన్నడిగితే ముందుగాల బ్రిసిల్స్, అంటే ఈగ ఒంటి మీది గట్టి వెంట్రుకలు, చూడుర్రి.

రెక్క తక్కువదేం కాదు. లార్వా లోపలనే రెక్క కోసం డిస్క్ అనే ఒక కణాల సంచి ఉంటది, మొదట్ల 30-50 కణాలే, లార్వా దశ అయిపోయేసరికి 50,000 దాక అయితయ్, కణాలు ఎట్ల పెరుగుతయో చూడాలంటే ఇదే బెస్ట్. పెద్దీగ రెక్క మీద కనవడే సన్న నూగుల ఒక్కోటి ఒక్కో కణం పెట్టిందే, అంటే నూగు లెక్కవెడితే కణాల లెక్క తేలుతది. గని టెంపరేచర్ మారితే రెక్క సైజు మారుతది, చల్లగ పెంచితే పెద్దది, వేడిల చిన్నది, మన దగ్గర ఎండకాలం 40 దాటుతది, ఇంక్యుబేటర్ లేకుంటే ఆ తేడా జీన్‌దా ఎండదా ఎట్ల చెప్తరు?

బ్రిసిల్ అట్ల కాదు, స్క్యుటెల్లమ్ (వీపు వెనక చివరి చిన్న భాగం) మీద మామూలు ఈగకు పెద్దయి 4, వేడికీ చలికీ ఆ లెక్క అంత తొందరగ మారదు, మామూలు స్టీరియో మైక్రోస్కోప్ చాలు. అసలు మజా లోపల ఉన్నది. అకీట్, స్క్యూట్ జీన్లు ఒక కణాల గుంపు మొత్తానికీ బ్రిసిల్ అయ్యే అవకాశం ఇస్తయ్, అండ్ల ఒకటి ముందువడి తన మీదున్న డెల్టా అనే ప్రోటీన్ తోటి పక్క కణాల మీదున్న నాచ్ అనే ప్రోటీన్‌ను తట్టి వాటిని ఆపుతది. ఆ ఒక్క కణమే విడిపోయి బ్రిసిల్, దాని మొదలు చుట్టూ ఉండే సాకెట్, న్యూరాన్ (నాడీ కణం), దాన్ని కప్పే షీత్ అన్నీ తయారుచేస్తది! మొదటిసారి విడిపోయేటప్పుడు నంబ్ అనే ప్రోటీన్ పుట్టే రెండు కణాల్ల ఒక్కదానికే పోతది, అది లేకుంటే న్యూరాన్ పోయి బయటి కణాలే ఎక్కువైతయ్. తాకితే తెలిసే ఒక అవయవం మొత్తం ఒక్క కణంకెళ్లి వస్తదంటే చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తది.

25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ దాక 10 రోజులే, ఒక సెమిస్టర్ల మస్తు తరాలు చూడొచ్చు, ఎండలు ముదరక ముందే మొదలువెట్టుర్రి, 30 దగ్గరికొస్తే మగ ఈగలకు సంతానం ఆగిపోతది. ఇంక్యుబేటర్ ఉన్న ల్యాబ్ దొరికితే రెక్కకు పోవచ్చు, అప్పుడు కూడా రెక్క ముందు అంచు వదలొద్దు, అక్కడ బ్రిసిల్స్ వరుసగ ఉంటయ్, నాచ్ జీన్ ఒక కాపీ చెడితే రెక్క అంచుకే గాట్లు పడతయ్.